చోడి అంబలి తాగినా షుగర్ ఎందుకు పెరుగుతోంది?

గుణుపురం_వాకిలి
టైప్ టూ షుగర్ ఉంటే అన్నం తగ్గించి చోడి, అంటే రాగి, తినమని అందరూ చెబుతున్నారు. మన రాయగడ వైపు చోళ్లకి కొదవ లేదు. కానీ పొద్దున్న పెద్ద గ్లాసుడు చోడి అంబలి తాగిన రెండు గంటలకి మీటర్ 236 చూపిస్తోంది. అదే మనిషికి రెండు ఇడ్లీ, సాంబారు తింటే 170 దాటడం లేదు. వయసు 58, మందులు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. అంబలిలో నూకలు, కాస్త బెల్లం వేస్తారు. లోపం చోడిలో ఉందా, వండే తీరులో ఉందా? ఇంకొకటి, ఎండలు ముదిరాయి కదా, పఖాళ (నీళ్లు పోసి నానబెట్టిన అన్నం) తినొచ్చా, మానెయ్యాలా?

వంశధార_డైట్
చోడిని తప్పు పట్టకండి. ముందు లెక్క చూద్దాం.

వంద గ్రాముల చోడి పిండిలో పిండిపదార్థం సుమారు 67 గ్రాములు, పీచు 11 గ్రాములు. పాలిష్ బియ్యంలో పిండిపదార్థం 78 దాకా, పీచు 3 లోపు. పీచులో తేడా పెద్దదే, పిండిపదార్థంలో మాత్రం అంత పెద్దది కాదు. చోడి షుగర్‌ని దింపే మందు కాదు, కాస్త మెరుగైన ధాన్యం, అంతే.

ఇప్పుడు మీ గ్లాసు సంగతి. పెద్ద గ్లాసు చిక్కటి అంబలికి 60 గ్రాముల పిండి పడుతుంది, అంటే 40 గ్రాముల పిండిపదార్థం. గుప్పెడు నూకలు 20 గ్రాములనుకుంటే ఇంకో 16. రెండు చెంచాల బెల్లం దాదాపు 10. మొత్తం 65 పైమాట. మామూలు సైజు ఇడ్లీ రెండింటిలో 25 లోపు, సాంబారులో పప్పు కలిపి ఇంకో 8 వేసుకోండి. అంటే అంబలి పూట రెట్టింపు లోపలికి వెళ్తోంది. మీటర్ సరిగ్గా ఆ తేడానే చూపించింది.

రెండోది, రూపం. మెత్తగా ఆడించిన పిండిని నీళ్లలో ఎక్కువసేపు ఉడికిస్తే పిండి రేణువులు నీరు పీల్చి ఉబ్బి పగిలిపోతాయి. జీర్ణరసాలకి ఇక చేసే పని పెద్దగా మిగలదు. నమలక్కర్లేదు, కడుపులోంచి జావ త్వరగా దిగిపోతుంది. అదే పిండి రొట్టెగా కాల్చి, పప్పుతోనో కూరతోనో నమిలి తింటే నెమ్మదిగా ఎక్కుతుంది.

అంబలే కావాలంటే ఇలా చెయ్యండి. ఒక మనిషికి పిండి 30 గ్రాములు, తూకం వేసే చూడండి, చెంచా లెక్క నమ్మొద్దు. నూకలు వద్దు, బెల్లం వద్దు. ఉడికి చల్లారాక పల్చటి మజ్జిగ 150 మి.లీ., చిటికెడు ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. దానికి ముందు ఒక ఉడికించిన గుడ్డో, అరకప్పు ఉలవ గుగ్గిళ్లో తినాలి. అంబలి ఆఖర్న. కూర, పప్పు, గుడ్డు లాంటివి ముందు తిని పిండిపదార్థం చివర తింటే తిన్న తర్వాత వచ్చే ఎగుడు తగ్గుతుందని పరీక్షల్లో మళ్లీ మళ్లీ తేలిన విషయం. ఖర్చు లేని పని, వంటా మారక్కర్లేదు.

కాశీనగర్_మిల్లు
పిండి దగ్గరే సగం పాడవుతోంది, అది చెబుతాను.

చోడి గింజ చిన్నది, పైపొర లోపలి పప్పుకి గట్టిగా అంటుకుని ఉంటుంది. పీచు, ఆ ఎర్రటి రంగునిచ్చే వగరు పదార్థాలు ఎక్కువగా ఆ పొరలోనే ఉంటాయి. మిల్లులో రెండుసార్లు మెత్తగా పట్టించి, ఇంటికెళ్లి సన్న జల్లెడతో జల్లించి, మిగిలిన చిట్టు పశువులకి పెడుతున్నారు. తెల్లగా వచ్చిన ఆ పిండితో అంబలి కాస్తే బియ్యప్పిండి జావకీ దానికీ పెద్ద తేడా ఉండదు. పట్టించేటప్పుడు "ఒక్క పట్టు, కాస్త బరక" అని చెప్పండి. జల్లెడ వద్దు. రాళ్లు, మట్టి ఏరాలంటే గింజగా ఉన్నప్పుడే కడిగి ఎండబెట్టండి.

ఇంకోటి, మొలకెత్తించిన చోడి పొడి, అదే మాల్ట్. "మొలకలు కదా, షుగర్‌కి మంచిది" అని కొంటున్నారు. మొలకెత్తేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ తయారై పిండిని చిన్న చక్కెరలుగా విరగ్గొడుతుంది. అందుకే మాల్ట్ జావ తియ్యగా, పల్చగా ఉంటుంది, అదే గ్లాసులో ఎక్కువ పిండి పడుతుంది. తక్కువ తినే పసిపిల్లలకి అది వరం. షుగర్ మనిషికి పనికిరాదు.

2017లో ఒడిశా మిల్లెట్ మిషన్ వచ్చాక చోడి బిస్కెట్లు, లడ్డూలు ఊరూరా దొరుకుతున్నాయి. అట్ట వెనకాల చదవండి. మొదటి పేరు మైదా, రెండోది చక్కెర అయితే ముందువైపు చోడి బొమ్మ చూసి మోసపోవద్దు.

బరంపురం_వంటిల్లు
పఖాళ గురించి నేను చెబుతా. మానక్కర్లేదు, కొలత మారాలి.

పఖాళతో వచ్చే చిక్కు ఒక్కటే, నీళ్లలో జారిపోతుంది. వేడన్నం రెండు గరిటెలు తినే మనిషి పఖాళ అయితే నాలుగు గరిటెలు తెలియకుండా తినేస్తాడు. అందుకని నీళ్లు పోసే ముందే కొలవాలి. ఒక పూటకి వండిన అన్నం 150 గ్రాములు, అంటే 50 గ్రాముల బియ్యం. ఆ అన్నంలో పిండిపదార్థం 40 గ్రాముల చుట్టూ ఉంటుంది. చిన్న స్టీలు గిన్నె ఒకటి దీనికే కేటాయించి, ఒక్కసారి తూకం వేసి ఏ గీత దాకా వస్తుందో చూసుకుంటే తర్వాత తూకం అక్కర్లేదు. అడ్డాకు విస్తరిలో కంటి అంచనాతో వడ్డిస్తే ఎప్పుడూ ఎక్కువే పడుతుంది.

అన్నం చల్లారాక నీళ్లు, చెంచాడు పుల్ల మజ్జిగ కలిపి మూతపెట్టాలి. వేడన్నాన్ని నీళ్లు పొయ్యకుండా గిన్నెలో గంటల తరబడి వదిలేస్తే, ముఖ్యంగా ఈ ఎండల్లో, వాంతులూ విరేచనాలూ తెచ్చే సూక్ష్మజీవులు పెరుగుతాయి. మళ్లీ వేడిచేసినా అవి వదిలిన విషం పోదు.

నంజుకునేవాటి సంగతి మరిచిపోవద్దు. ఆలూ చొకటా (ఉడికించి మెదిపిన ఆలూ) పెడితే అన్నం మీద మళ్లీ పిండిపదార్థమే. దాని బదులు తోటకూర వేపుడు పెద్ద గిన్నెడు, వేపిన చేపముక్క, కాల్చిన వంకాయ పచ్చడి. పెరుగు కలిపిన దొహి పఖాళలో చక్కెర వేసే అలవాటు ఉంటే మానండి. మన బరంపురం అప్పడాలు, ఊరగాయలు బీపీ కూడా ఉన్నవాళ్లకి ఉప్పు లెక్కలో దెబ్బకొడతాయి.

గుణుపురం_వాకిలి
చల్లారిన అన్నంలో షుగర్ తగ్గిపోతుందని వీడియోల్లో చెబుతున్నారు, అది నిజమా? గంజి వార్చి తింటే సరిపోతుందని కూడా అంటున్నారు.

వంశధార_డైట్
కొంత నిజం, చాలా అతిశయం. అన్నం వండి చల్లబరిస్తే పిండిలోని అమైలోజ్ అనే భాగం మళ్లీ దగ్గరగా పేరుకుని జీర్ణరసాలకి లొంగకుండా పోతుంది. చల్లారి ఎంతసేపైతే అంత ఎక్కువ. కాస్త వేడిచేసినా పూర్తిగా పోదు. పఖాళలో పులుపు కూడా కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. కానీ 150 గ్రాముల అన్నంలో ఇలా లొంగకుండా పోయేది కొద్ది గ్రాములే. ఆ ధైర్యంతో 300 గ్రాములు తింటే లాభం అక్కడే ఆవిరి.

గంజి వారిస్తే కొంచెం పిండి, దానికంటే ఎక్కువ బి విటమిన్లు పోతాయి. దానివల్ల రెండో గిన్నె తినే హక్కు రాదు.

మన వైపు మధ్యాహ్నం పఖాళ తిని పడుకునే అలవాటుంది. షుగర్‌కి అన్నిటికన్నా చెడ్డ భాగం అదే అని నా అభిప్రాయం. తిన్న పావుగంటకి లేచి పది పదిహేను నిమిషాలు ఇంట్లోనే అటూ ఇటూ నడవండి. పనిచేసే కండరం ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడకుండానే గ్లూకోజ్‌ని లాక్కుంటుంది. ఆ తర్వాత నడుం వాల్చొచ్చు.

రాయగడ_ల్యాబ్
మీటర్ అంకెలు చూసి తిండి మార్చేముందు అంకె సరైనదో కాదో చూసుకోవాలి.

రెండు గంటలు అంటే మొదటి ముద్ద నుంచి, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. తినకముందు ఒకటి, తిన్న రెండు గంటలకి ఒకటి, జంటగా చూడండి. తినకముందే 180 ఉన్న రోజు తర్వాత 236 వస్తే పెరిగింది 56. తినకముందు 120 ఉండి 236 వస్తే 116. ఒంటరి 236తో తిండి గురించి ఏమీ చెప్పలేం.

వేలికి పనస తొన జిగురు, మామిడి రసం ఉంటే అంకె ఎగబాకుతుంది. సబ్బుతో కడిగి బాగా ఆరనివ్వండి. శానిటైజర్ రాస్తే మామిడి చక్కెర పోదు. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి పెడితే వానాకాలపు తేమకి స్ట్రిప్పులు పాడవుతాయి.

ఇంట్లో వాడే మీటర్లకి అంతర్జాతీయ ప్రమాణమే 100 పైన అటూ ఇటూ 15 శాతం తేడా ఒప్పుకుంటుంది. కాబట్టి 168, 180 రెండూ ఒకటే అనుకోండి. ఒక తిండిని తేల్చాలంటే అదే కొలత, అదే వేళ, వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చూడండి.

మన కోరాపుట్, రాయగడ, గజపతి వైపు తప్పక తెలుసుకోవాల్సింది మరొకటి ఉంది. హెచ్‌బీఏ1సీ అనేది ఎర్రకణాలకి అంటిన గ్లూకోజ్ లెక్క. ఎర్రకణం 120 రోజులు బతుకుతుందన్న నమ్మకం మీద ఆ లెక్క నిలబడింది. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లలో కణాలు ముందే చనిపోతాయి, అందుకని అసలు షుగర్ ఎక్కువున్నా అంకె 6 దగ్గర కనబడి "బాగుంది" అనిపిస్తుంది. ఐరన్ తక్కువైన రక్తహీనతలో తలకిందులు, ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. మీటర్ అంకెలకీ హెచ్‌బీఏ1సీకీ పొంతన కుదరకపోతే హిమోగ్లోబిన్, హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాన్ని తేల్చేది) పరీక్ష చేయించి, ఫ్రక్టోజమైన్ (గత రెండు మూడు వారాల షుగర్ తెలిపే రక్తపరీక్ష) చూడాలా అని డాక్టర్ని అడగండి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద నలభై ఏళ్ల లోపువాళ్లకి పరీక్షలు చేస్తున్నారు. 58 ఏళ్ల మనిషి ఆ గీత బయట ఉంటారు, కాబట్టి అడిగి చేయించుకోవాలి.

గుణుపురం_వాకిలి
చాలా ఉపయోగంగా ఉంది సార్. టిఫిన్లు, సాయంత్రం తినే మరమరాలు, పళ్ల సంగతి కూడా చెప్పండి.

బరంపురం_వంటిల్లు
బరా, ఘుగుని: ఘుగునిలో తెల్ల బఠాణీ మంచిదే, బండి మీద ఆలూ, పిండి కలిపి చిక్కబరుస్తారు. ఇంట్లో ఆలూ లేకుండా చేసుకుంటే మరమరాల కన్నా వెయ్యి రెట్లు నయం. బరా మినప్పప్పుదే అయినా నూనె బాగా తాగుతుంది.

వంశధార_డైట్
బరా గురించి జాగ్రత్త ఒకటి. నూనె వల్ల కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి రెండు గంటల అంకె బాగానే ఉంటుంది, అసలు ఎగుడు మూడు నాలుగు గంటలకి వస్తుంది. వేపుడు తిన్న రోజు నాలుగో గంట కూడా చూస్తేనే నిజం తెలుస్తుంది.

మరమరాలు తేలిగ్గా ఉంటాయని గిన్నెలకి గిన్నెలు తింటారు. బియ్యాన్ని వేడి ఇసకలో పేల్చితే లోపలి పిండి గుల్లబారి చాలా త్వరగా గ్లూకోజ్ అవుతుంది. 50 గ్రాముల్లో దాదాపు 40 పిండిపదార్థమే. బదులు వేయించిన శనగలు 30 గ్రాములు. ఉలవలైతే ఇంకా మంచిది, వంద గ్రాముల్లో 22 దాకా ప్రోటీన్. ఉలవల్ని రాత్రంతా నానబెట్టి, ఉడికించి, గింజలు కూడా తినాలి. గింజలు పారేసి చారు ఒక్కటే తాగితే పీచూ ప్రోటీనూ పారేసినట్టే.

పళ్లు: జామకాయ ఒకటి నిశ్చింతగా తినండి. పండిన పనస నాలుగైదు తొనలు దాటొద్దు, అది కూడా భోజనం వెంటనే కాదు. పచ్చి పనసకాయ కూర వేరే సంగతి, కూరగానే లెక్క, కాకపోతే అన్నం ఆ పూట ఒక గరిటె తగ్గించండి. బెల్లం, తేనె, చక్కెర మూడింటికీ షుగర్ విషయంలో తేడా లేనట్టే. కాకరకాయ, మెంతులు కూరలో వాడుకోండి, మందు మానేసి వాటి మీద ఆధారపడకండి.

జయపురం_పాతకాలం
ఇంత లెక్కలెందుకండీ? అన్నం, చోడి అన్నీ ఒక్కసారిగా బంద్ చేసి గుడ్లు, మాంసం, ఆకుకూరలు తింటే షుగర్ నెల తిరక్కుండా దిగుతుంది.

కోరాపుట్_మందులషాపు
దిగుతుంది, అబద్ధం కాదు. కానీ ఏ మందు మీద ఉన్నారో చూడకుండా ఈ మాట చెప్పకూడదు.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, ఇన్సులిన్ ఇవి తిండి వచ్చినా రాకపోయినా షుగర్‌ని దించుతాయి. మోతాదు అదే ఉంచి పిండిపదార్థం సగానికి కోస్తే షుగర్ 70 కిందకి పడుతుంది. చెమట, వణుకు, గుండె దడ, తికమక. పెద్దవాళ్లలో ఈ లక్షణాలు సరిగ్గా బయటపడకుండానే పడిపోతారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు పిండిపదార్థం పూర్తిగా మానేసినా, కఠిన ఉపవాసం చేసినా కీటోఅసిడోసిస్ (రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం) రావొచ్చు, అదీ షుగర్ అంకె పెద్దగా పెరగకుండానే. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే మీటర్ 200 లోపే ఉంది కదా అని ఇంట్లో కూర్చోవద్దు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి ఈ భయం తక్కువ. గుణుపురం వారి మనిషి గ్లిమెపిరైడ్ మీద ఉన్నారు కాబట్టి అంబలి సగం చేసే ముందే డాక్టరుతో మాట్లాడి మోతాదు తేల్చుకోవాలి. మార్పు మెల్లగా, ముందు పొద్దుటి పూట, వారం పోయాక మధ్యాహ్నం.

పర్లాకిమిడి_నర్సమ్మ
జయపురం వారు చెప్పిన మాంసం, గుడ్ల తిండి కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి సరిపడదు. షుగర్ ఉన్న ప్రతి మనిషీ ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకుని, ఆ తర్వాతే ప్రోటీన్ పెంచాలి. క్రియాటినిన్ పెరిగినవాళ్లు "లో సోడియం" ఉప్పు వాడొద్దు, దాంట్లో పొటాషియం ఉంటుంది.

జీలుగు కల్లు, ఇప్పసారా, లండా (ధాన్యం పులియబెట్టి చేసే కల్లు). వీటి గురించి ఎవరూ అడగరు, చెప్పరు. కల్లులో, లండాలో పిండిపదార్థం ఉంటుంది కాబట్టి ముందు షుగర్ పెరుగుతుంది. సారా మాత్రం కాలేయం రక్తంలోకి గ్లూకోజ్ వదలడాన్ని అడ్డుకుంటుంది. గ్లిమెపిరైడ్ వేసుకుని, తిండి లేకుండా తాగి పడుకుంటే తెల్లారేలోపు షుగర్ పడిపోతుంది. ఇంట్లోవాళ్లు "తాగి పడుకున్నాడు" అనుకుని లేపరు. అలాంటి మనిషి పలకకపోతే వెంటనే వేలు పొడిచి చూడండి.

కార్తీకంలో ఒంటిపూట భోజనం చేసేవాళ్లు ఆ ఒక్క పూటా రెండు పూటల అన్నం తినేస్తారు. ఉపవాసం రోజు సగ్గుబియ్యం తింటారు, అది కర్రపెండలం పిండే, పీచు లేదు, ప్రోటీన్ లేదు. అంతకన్నా పెసలు, పాలు, జామకాయ మేలు. గ్లిమెపిరైడ్ ఏ పూట వెయ్యాలో, వెయ్యకూడదో కార్తీకం ముందే డాక్టర్ని అడిగి కాగితం మీద రాయించుకోండి.

గుణుపురం_వాకిలి
అందరికీ దండాలు. ఇంక రెండే. రాత్రి రెండు చిన్న చోడి రొట్టెలు, కూర మాత్రమే. అయినా పరగడుపున 150 ఉంటోంది. రాత్రి తిండి ఇంకా తగ్గించాలా? అలాగే షుగర్ పడిపోతే ఇంట్లో ఏం పెట్టుకోవాలి?

వంశధార_డైట్
తగ్గించొద్దు. పరగడుపు అంకె చాలావరకు కాలేయం చేసేది. తెల్లవారుజామున కార్టిజాల్ లాంటి హార్మోన్లు పెరిగి, కాలేయం దాచుకున్న గ్లూకోజ్‌ని వదులుతుంది. టైప్ టూలో ఆ కుళాయి సరిగ్గా మూసుకోదు. రాత్రి పస్తుంటే కూడా 150 రావొచ్చు. చెయ్యగలిగింది, రాత్రి భోజనం 8 లోపు ముగించడం, తిన్నాక నడక, బరువు ఎక్కువుంటే తగ్గడం. ఒకటి రెండు రాత్రులు 3 గంటలకి లేపి చూడండి. అప్పుడు 70 కింద ఉంటే గ్లిమెపిరైడ్ మోతాదు గురించి మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లండి. 110 ఉండి పొద్దున్నకి 150 అయితే అది కాలేయం పని, మందు వేళ మార్చాలా అన్నది ఆయన చూస్తారు.

కోరాపుట్_మందులషాపు
70 కిందకి వస్తే గ్లూకోజ్ పొడి మూడు నిండు చెంచాలు, అంటే 15 గ్రాములు, అర గ్లాసు నీళ్లలో. పావుగంట ఆగి మళ్లీ చూడాలి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే. పైకి వచ్చాక రొట్టో అన్నమో పెట్టాలి, లేకపోతే మళ్లీ దిగుతుంది. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. 108కి ఫోన్ చెయ్యండి.

ఇంట్లో చక్కెర ఉంది కదా అనుకుంటారు. చీటీ మీద వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ ఉందేమో చూడండి, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్‌తో కలిపిన ఒకే మాత్రలో కూడా వస్తుంది. అవి పేగుల్లో చక్కెర విడిపోవడాన్ని అడ్డుకుంటాయి, కాబట్టి ఆ సమయంలో చక్కెర, బెల్లం, మిఠాయి త్వరగా పనిచెయ్యవు. గ్లూకోజ్ పొడే కావాలి. ఒక పొట్లం మంచం పక్కన, ఒకటి పొలానికి వెళ్లే సంచిలో ఉంచండి.

గుణుపురం_వాకిలి
ఇప్పుడే చీటీ చూశాను. మూడు మందులు కలిసిన మాత్రే, వోగ్లిబోస్ 0.2 ఉంది. గ్లూకోజ్ పొడి ఈ రాత్రికే తెప్పిస్తున్నాను.